కొసరు

బ్ర్నోలో క్యాబేజీల సంత ఉంది.
శనివారం పొద్దున ముల్లంగి తూచాక
హెడ్వికా త్రాసు వైపు చూడకుండానే
గుప్పెడు పార్స్‌లీ నా సంచిలో పడేస్తుంది.
అడగను. లెక్కలో ఉండదు.
ఆ గుప్పెడు కోసమే వస్తానని ఆమెకీ తెలుసు.

మేం ముగ్గురం.
నేను ఆరో నంబరు ట్రాము నడుపుతాను.
బొహ్దానా పళ్ల డాక్టరు దగ్గర ఫైళ్లు సర్దుతుంది.
లుబోర్ మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు,
చూపు మసక, తెడ్డు మాత్రం తప్పు పడదు.
గురువారం రాత్రి తొమ్మిదికి
ఎవరి గదిలో వాళ్లం కూర్చుని
ఒకే నది మీద ఒకే పడవ లాగుతాం.

ఆ నదిని చేసింది జ్దిస్లావా.
దర్జీ కొట్టు పైన రెండు గదులు,
ఐదుగురు మనుషులు, ఒక్క హీటరు, ఆరేళ్లు.
మేం రెండు బీర్ల ధరకు కొనుక్కున్నాం,
అందులో తొమ్మిది వందల గంటలు కాపురమున్నాం.
వసంతం ఊరికే వచ్చింది.
వానలు ఊరికే వచ్చాయి.
ఒక ఆదివారం ఏ చాటింపూ లేకుండా
రేవులో ఒక కుంటికుక్క వచ్చి కూర్చుంది.
అసలు కన్నా అదే ముద్దొచ్చింది మాకు.

సెప్టెంబరులో సంతకాలయ్యాయి.
పెద్ద పబ్లిషరు, ఎక్కడో అద్దాల మేడ.
"మా ఆటగాళ్లకు శుభవార్త" అని మొదలైన ఉత్తరాన్ని
మాస్టారు రెండుసార్లు చదివి
"శుభవార్తకు ఇన్ని షరతులుండవు" అన్నాడు.
మూడో పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో:
శీతాకాలం విడిగా అమ్మబడును.

బొహ్దానా ఆట లోపలి ఫైళ్లు తవ్వి చూసింది, ఆమె పనే అది.
మంచు అప్పటికే మా కంప్యూటర్లలో ఉంది.
గడ్డకట్టిన నది ఉంది, పొగలు కక్కే చిమ్నీ ఉంది.
కొత్తగా వచ్చింది తాళం ఒక్కటే.
మా ఇంట్లో గదికి తాళం వేసి
చెవి మాకే అమ్ముతారన్నమాట.
ఇక రేపు?
కుక్క మొరగాలంటే ఎంత?
తెల్లారాలంటే?

కొననే కొనమని ఒట్టేసుకున్నాం.

నవంబరులో ఓ రాత్రి జ్దిస్లావా నా ట్రాము ఎక్కింది.
ఫొటోలో చూసిన ముఖమే, ఇంకా చిక్కి.
అద్దానికి తలానించి
రెండు స్టాపులు దాటిపోయేదాకా నిద్రపోయింది.
అడగాల్సినవి నోటి నిండా ఉన్నాయి.
నడుస్తున్న ట్రాములో నా చేయి హాండిల్ మీద ఉంది.
అప్పుడు మాస్టారి లెక్క ఒకటి తట్టింది, పాడు లెక్క:
ఆమె ఆరేళ్లకు మా ముగ్గురం ఇచ్చింది
ఆరు బీర్లు.

డిసెంబరు మొదటి గురువారం
నాకు నైట్ డ్యూటీ అన్నాను.
బొహ్దానా ఇంట్లో కరెంటు పోయిందంది.
మాస్టారికి జ్వరం.
తొమ్మిదింటికి దొంగలా లోపలికెళ్లాను.
నది తెల్లగా, కదలకుండా పడుకుని ఉంది.
రేవులో అప్పటికే రెండు లాంతర్లు.

చాలాసేపు ఎవరూ ఏమీ టైపు చేయలేదు.
"జ్వరం తగ్గిందా మాస్టారూ?"
"కరెంటొచ్చిందా అమ్మాయ్?"
నన్నెవరూ ఏమీ అడగలేదు, అదింకా నామోషీ.

మంచు బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.
మా అడుగులు వెనకే పూడిపోతున్నాయి.
కుక్క వీపు మీద తెల్లటి దుప్పటి,
మెడలో ఇదివరకు లేని పట్టీ.
దగ్గరికెళ్తే పక్కన చిన్న గుర్తు వెలిగింది:
పట్టీ రంగు మార్చాలంటే
ఇరవై తొమ్మిది కొరునాలు.

శనివారం సంతలో
హెడ్వికా ఎప్పటిలాగే గుప్పెడు తీసి సంచిలో వేయబోతుంటే
ఏమైందో నాకు,
"దీనికెంత?" అన్నాను.

ఆమె చేయి గాల్లో ఆగిపోయింది.
పన్నెండేళ్లుగా ఎరిగిన మనిషి
నన్ను కొత్తవాణ్ని చూసినట్టు చూసింది.