తొమ్మిదో నిబంధన

సర్క్యులర్ నేనే టైపు చేసినాను.
"విశ్వవిద్యాలయ ప్రాంగణములో మద్యము, గంజాయి,
ఇతర మత్తు పదార్థములు..."
'ఇతర' దగ్గర కాస్త ఆగినాను.
ఆ ఒక్క మాటలో ఎన్ని పట్టాయో:
దగ్గుమందు సీసా, పంక్చరు జిగురు,
చీటీ లేకుండా అమ్మే నిద్రబిళ్ళ.

విద్యార్థులకు ఏడు నిబంధనలు.
హాస్టలు నుంచి తొలగింపు, ఇంటికి కబురు,
రెండోసారి దొరికితే టీసీ.
సిబ్బందికి ఒక్కటే, ఎనిమిదోది:
"తగు చర్యలు తీసుకొనబడును."
తగు అంటే ఎంత తగు?
ఎవరూ అడగలా. నేనూ అడగలా,
నాకు తెలుసు గనక.

ఈ కుర్చీ నాకు
ఒక మనిషి చచ్చిపోయినందుకు ఇచ్చినారు.
కెమిస్ట్రీ ల్యాబు అటెండరు, దామినేటి గురవయ్య, నా మొగుడు.
ఫైల్లో "అనారోగ్యముతో మరణించినందున" అని ఉంది.
ఏ అనారోగ్యమో రాస్తే
ఉద్యోగం ఆలస్యమవుతుందని
అప్పటి సూపరింటెండెంటు దయ తలిచినాడు.

దయ అందరూ తలిచినారు.
పది దాటినా రాకపోతే హాజరు పట్టీలో
ఆయన సంతకం ఇంకొకరు పెట్టినారు.
చేతిలో వణికి బ్యూరెట్టు పగిలితే
పిల్లకాయల ఖాతాలో రాసినారు.
నోట్లో సోంపు పోసి, వెనక గదిలో పడుకోబెట్టి
"ఒంట్లో బాగలేదబ్బా ఆయనకి" అన్నారు.
మంచివాళ్ళే. ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు.
ఆ మంచితనం ఆయన్ని పదకొండేళ్ళు మోసుకొచ్చి
రుయా ఆస్పత్రి మగాళ్ళ వార్డులో దించింది.

నేను మాత్రం తక్కువ తిన్నానా?
పెళ్ళైన మూడో యేడు మొక్కు తీర్చడానికి కొండకు పోతే
అలిపిరి దగ్గర ప్రతి సంచీ విప్పి చూసినారు.
బీడీ కట్ట కూడా పోనీరు అక్కడ.
మా సంచీలో ఏమీ లేదు.
ఉన్నదంతా తెల్లారేలోపే లోపల పోసుకొని వచ్చినాడు.
మనిషిని వెతికే మిషను ఇంకా రాలా.
సంచీ ఎత్తి చూపించి "ఏం లేదు సార్" అన్నాను.
అబద్ధం కాదు.

కమిటీ మీటింగులో తొమ్మిదోది చదివినారు:
"తనంతట తానే వచ్చి చెప్పుకొన్న
విద్యార్థిపై గాని ఉద్యోగిపై గాని చర్య ఉండదు.
చికిత్సకు సెలవు ఇవ్వబడును."
సైకాలజీ వసుధారాణి మేడం పట్టుబట్టి రాయించిన మాట.
రిజిస్ట్రారు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసినారు.
"ఇట్లయితే అందరూ వచ్చి చెప్పేస్తారు" అన్నారు.
టీ తాగతా అందరూ నవ్వినారు.
వసుధ గారు కప్పు కింద పెట్టి
మళ్ళీ ఎత్తలా.

సాపు కాపీ కొట్టింది నేను.
ఎనిమిది తరవాత పది ఎట్లా పడుతుంది?
అంకెలు వరసగా ఉండాల కదా.
తొమ్మిది వేసినాను.
తొమ్మిది పక్కన ఖాళీ ఉంచడం నాకు చేతకాలా.
సంతకం పడింది.
సంతకం పెట్టేవాళ్ళు చదవరు,
పన్నెండేళ్ళ సర్వీసుతో చెబుతున్నాను.
నోటీసు బోర్డు మీద, మెస్సు బకాయిల జాబితా పక్కన,
రెండే గుండుసూదులుంటే వాటితోనే కుట్టినాను.

అది మంగళవారం.
శుక్రవారం చీకటి పడే యాళకు
బీరువాకు తాళం వేస్తా ఉంటే
తలుపు కాడ ఒక పిల్లోడు.
సోమల నుంచి వచ్చినోడంట, ఎమ్మెస్సీ రెండో యేడు,
పేరు చెంగల్రాయులు.
"మేడం, ఆ తొమ్మిదోది నిజమేనా?"
"ఎవరికోసం?"
"మా రూమ్మేటుకి."

చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో
గట్టిగా అదిమి పెట్టుకోనుండాడు.
ఆ వణుకు నాకు తెలుసు.
ఆ సోంపు వాసనా తెలుసు.

నిజమో కాదో నాకే తెలీదు.
సోమవారం ఎవరైనా ఆ కాయితం చదివితే
"తగు" అంటే ఎంతో
అప్పుడు నాకు కొలిచి చూపిస్తారు.

వేసిన తాళం తీసినాను.
వసుధ గారి నంబరు వెతకతా వెతకతా
"కూర్చో నాయనా" అన్నాను.
"మీ రూమ్మేటు ఎప్పట్నుంచి... అది సరే,
పొద్దున్నుంచి ఏమన్నా తిన్నాడా?"

వాడు కూర్చోలా.
పోనూ లేదు.