పదమూడో నంబరు పానా

ఈ కారుకి ఇంజను ముందుండదు, వెనకా ఉండదు.
నడుమ్మీద, సీటు వీపుకి ఆనుకుని,
మెడ మీద ఊపిరి వదిలేంత దగ్గర్లో.
నలభై ఏళ్ల పసుప్పచ్చ ఫియట్.
గేరు నలిగినప్పుడల్లా చెవికన్నా ముందు
నా వెన్నుపూసకే తెలిసేది.

మూతెత్తి పైకి లాగుదామంటే రాదు.
కిందికి దిగాలంటారు గాని
నిజానికి దిగేదీ అది కాదు.
ఇంజన్ని నేల మీద కూచోబెట్టి
కారునే ఎత్తాలి,
కోడి మీంచి గంప ఎత్తినట్టు.

ఒపిచీనాలో ఫిబ్రవరి.
బోరా గాలి గ్యారేజీ రేకుతలుపుని
బాకీవాడిలా బాదుతోంది.
పక్కింటి ఉల్దెరీకో వచ్చాడు,
చెవుల మీదికి ఉన్నిటోపీ,
చంకలో రెండు రైలుపట్టా చెక్కలు.
ఎక్కడివని నేనడగలేదు.

ముందు నీళ్లు.
రేడియేటరు ముక్కు దగ్గర, ఇంజను నడుం దగ్గర,
మధ్యన కారు పొడుగునా రెండు గొట్టాలు.
అంతా కారిపోయిందనుకున్న గంటకి
మిగిలిన పచ్చనీళ్లు
మోచేతి మీంచి చంకలోకి నడిచొచ్చాయి.
తర్వాత వైర్లు. ఒక్కోదానికీ కాగితం టేపు, టేపు మీద అంకె.
పదిహేడు రెండుసార్లు రాశాను.
బోల్టులు కోడిగుడ్ల అట్టలో, గుంటకొకటి.
సైలెన్సరుది మాత్రం తల తెగి చేతికొచ్చింది.
ఉల్దెరీకో తిట్టాడు,
ఇంట్లో మాట్లాడే భాషలో కాదు, ఓడరేవు భాషలో.

గొలుసు లాగుతున్నాం.
క్లిక్కుకి వేలెడు. ఇంకో క్లిక్కు. ఆగు, హ్యాండుబ్రేకు కేబులు.
ఆగు, ఆగమన్నానా!
మళ్లీ క్లిక్కు.
వెనక చక్రాలు లేని పసుపు డొక్క
నా తొడల దాకా లేచి, నడుం దాకా లేచి
గాలికి కాస్త ఊగి నిలబడింది.
కింద ఇంజను, ఒంటరిగా,
ఇంత చిన్నదా అనిపించేట్టు.

గేర్‌బాక్సు నెత్తిన జిడ్డు, ఎండిన చినారు ఆకులు,
ఆకుల కింద ఒక పానా.
పదమూడో నంబరు.
పిడి మీద ఆకురాయితో నేనే గీసిన మూడు గీతలు.

పన్నెండేళ్లు.
నా వీపుకి జానెడు దూరంలో కూచుని
రెండుసార్లు లియుబ్లియానా వెళ్లొచ్చింది,
మా అక్క పెళ్లికొచ్చింది,
ప్రతి మలుపులోనూ చిన్నగా ఖణేల్‌మంది.
బేరింగు పోతోందనుకున్నాను.

చివరిసారి ఈ ఇంజన్ని దించింది
నేనూ, నా దుకాణంలో పని నేర్చుకునే తాదేయ్‌.
పదహారేళ్లవాడు. ఈల వేస్తూ పనిచేసేవాడు.
"నీ సంచీ విప్పు" అన్నాను,
గడ్డి కోసే మిషన్లు పట్టుకుని నలుగురు చూస్తుండగా.
సగం కొరికిన యాపిలు. ఒంటి మేజోడు. అంతే.
అక్కడికీ ఊరుకోలేదు.
"అయితే ఇంట్లో దాచి ఉంటావు" అన్నాను.

బోల్టు జారితే అయస్కాంతం దించి తీసుకోవచ్చు.

వాళ్లమ్మ చేపల కొట్లో
ఇప్పటికీ నాకు సరిగ్గా తూచి ఇస్తుంది,
గ్రాము ఎక్కువ కాదు, గ్రాము తక్కువ కాదు.
పన్నెండేళ్లుగా ధర తప్ప ఇంకో మాట లేదు.

"ఎక్కడ తగిలించను?" అంటాడు ఉల్దెరీకో.
గోడ మీద ఒక్కో పానాకీ తెల్లరంగుతో గీసిన నీడ ఉంది.
పదమూడు నీడలో తర్వాత కొన్నది వేలాడుతోంది,
గీత దాటి బెత్తెడు బయటికి.
"తగిలించొద్దు, ఇటివ్వు."

కిరసనాయిల్లో వేశాను. తీసి తుడిచాను. మళ్లీ వేశాను.
చేతులు కడుక్కున్నాను,
గోళ్ల కింది నలుపు పోలేదు.
ఉల్దెరీకో గొలుసు పట్టుకుని నిలబడి
"దీన్నిలా గాల్లో వదిలేసి ఎక్కడికే నెవెంకా?" అని అరుస్తున్నాడు.

చేపల కొట్టు ఒంటిగంటకి మూస్తారు.