శివారు వంతు

మా నాన్న కాలవల శాఖలో లస్కరు.
దాళ్వా రోజుల్లో అర్ధరాత్రి లేచి
షట్టరు తిప్పే ఇనప హేండిలు భుజాన వేసుకుని
గట్టు మీద ఒక్కడే వెళ్ళేవాడు.
లాకుల దగ్గర నీళ్ళు ఉరుముతూనే ఉండేవి,
శివారు చేలు నోళ్ళు తెరుచుకునే ఉండేవి.
"షట్టరెత్తితే పారినట్టు కాదమ్మాయ్,
ఆఖరి మడిలో నా మడమ తడవాలి" అనేవాడు.

నేను లెక్కల టీచర్నయ్యాను.
పదో తరగతి, బి సెక్షను, యాభై మూడు మంది.
గంట కొట్టగానే షట్టరెత్తేదాన్ని.
బోర్డు నిండా త్రికోణమితి పారేది,
ముందు మూడు బెంచీలూ పచ్చగా ఊగేవి.
వెనక బెంచీల దాకా
ఎనిమిదేళ్ళు నేను నడవలేదు.
చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

లోవరాజు నడిపించాడు.
యూనిట్ పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చాడు,
మీద పేరొక్కటి, అదీ వంకరగా.
ఆ ఆదివారం, వాళ్ళ నాన్న కాపలా ఉండే
రొయ్యల చెరువు మీద వాణ్ణి చూశాను.
ఎకరన్నర చెరువు, నాలుగడుగుల లోతు, ఉప్పు పన్నెండు,
సున్నం ఎన్ని బస్తాలో, మేత ఎన్ని కిలోలో
ఏరియేటర్ల హోరులో నోటితోనే తేల్చేస్తున్నాడు.
వాడికి రానిది లెక్క కాదు,
ప్రశ్న.
నాలుగో తరగతిలో, లంక మునిగిన ఏడాది,
చదవడం తెగిపోయింది.
ఆ గండి ఎవరూ పూడ్చలేదు.

అప్పట్నించీ సాయంత్రాలు
ఒకే పాఠానికి పదకొండు నోటుబుక్కులు.
లోవరాజుకి ప్రశ్న ఒకసారి చదివి వినిపిస్తాను,
తర్వాత వాడే నాకు చదవాలి, వేలు పెట్టి.
"వ్యా... వ్యాసా..."
ఆగిన చోట నేను అందించను.
నాకది ఎంత కష్టమో వాడికి తెలీదు.

హెప్సిబా తెల్లారగట్ల మూడింటికి లేచి
షెడ్డులో రొయ్యల తలలు తీసి బడికొస్తుంది.
ఐసుకి నాని వేళ్ళ కొసలు పొరలు లేచి
పెన్ను నిలవదు.
బీజగణితం ఆ పిల్ల చెబుతుంది,
రాయసం నాది.

భవాని అసలు మాట్లాడదు.
బల్ల కింద లేసు అల్లుతుంటే ఓ రోజు లాక్కున్నాను.
మొదటి వరసలో ఏడు గొలుసులు, తర్వాత పదకొండు, పదిహేను.
కోపం మధ్యలో నోరు జారి
"ఇరవయ్యో వరసలో ఎన్నే?" అన్నాను.
"ఎనబై మూడండి."
ఏడాదిలో నేను విన్న మొదటి మాట.
శ్రేఢులు అక్కణ్ణించి మొదలెట్టాం.

స్టాఫ్ రూములో సోషల్ మాస్టారు నవ్వుతారు:
"అందరికీ ఒకటే పరీక్ష కదండీ,
మనిషికో పాఠం ఏంటండీ?"
వానైతే అందరికీ ఒకటేనండి,
ఇది కాలవ.

పదకొండో నోటుబుక్కు యోబుది.
చివరి తేదీ జనవరి పందొమ్మిది.
సగం గీసిన స్పర్శరేఖ, స్కేలు జారిన గుర్తు.
రెండుసార్లు వెళ్ళాను. తాళం.
వాళ్ళన్నతో బోటెక్కాడన్నారు, ఏ రేవో చెప్పలేదు.
నీళ్ళందని చేలు నాన్నకీ ఉండేవి.
ఆ రాత్రుళ్ళు కంచంలో అన్నం అలాగే ఎండిపోయేది,
అమ్మ ఏమీ అడిగేది కాదు.

నిన్న కరెంటు పోయింది.
కాట్రేనికోన ఆఖరి బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.
చెరువు కాపలా టార్చి నోటుబుక్కు మీద పెట్టి
లోవరాజు ప్రశ్న మొత్తం చదివాడు.
ఒక వంతెన మీంచి చూస్తే నదికి రెండొడ్లు,
రెండు నిమ్నకోణాలు,
నది వెడల్పు ఎంత?
ఎక్కడా ఆగలేదు.
చదివాక ఆగాడు.
"వెడల్పు పోటుకాండి, పాటుకాండి?"

పుస్తకంలో లేదు.
ఇద్దరం ప్రశ్న కింద పెన్సిలుతో రాశాం:
పోటుకి.