జేబులో పిన్ను

కాటర్ పిన్ను అంటే పెద్ద వస్తువేం కాదు.
మడిచిన తీగ ముక్క.
గాలం ముల్లు కంటే తేలిక.
బోల్టు బెజ్జంలోంచి దూర్చి
రెండు కాళ్ళూ విడదీసి వంచితే
నట్టు ఇక తిరగదు. అంతే దాని ఉద్యోగం.

ఆ రాత్రి కంగెర్లుసుయాక్ హ్యాంగరు బయట
మైనస్ ముప్పై నాలుగు.
తోక రెక్కని ఎత్తీ దించే కడ్డీకి
కొత్త బోల్టు వేసి, నట్టుని వేళ్ళతో తిప్పి,
పిన్నుని పెదవుల మధ్య పట్టుకున్నాను.
చల్లటి ఇనుము పెదవికి అంటుకుంటే
తీసి చొక్కా జేబులో వేశాను.

అప్పుడే ఫోను. మా ఆవిడ నవారానా:
"ఫ్రీజర్లో హాలిబట్ ఉందా, అయిపోయిందా?"
ఉంది, అన్నాను. కింది అరలో, రొట్టెల వెనకాల.
అంత కచ్చితంగా జవాబు చెప్పిన నోటితోనే
మాలిక్‌కి చెప్పాను,
"ఇక్కడ అయిపోయింది, మూత బిగించెయ్."

అబద్ధం కాదు.
ఆ క్షణాన నా చేతులకి పిన్ను పెట్టిన జ్ఞాపకం ఉంది.
ఇరవై మూడేళ్ళుగా పెడుతున్న చేతులు,
వేల పిన్నుల్లోంచి ఒక పాత పిన్నుని తీసి
ఈ రాత్రి లెక్కలో వేసేశాయి.
కార్డు మీద సంతకం చేశాను. చక్కటి సంతకం.
సరిచూడాల్సిన రెండో కన్ను మాలిక్‌ది.
వాడు చూసింది బోల్టుని కాదు, నన్ను.
ఉయూట్ చేశాడంటే చేసినట్టే, అనుకున్నాడు.
నమ్మకాన్ని బిగించడానికి పిన్నులుండవు.

పొద్దున ఇంట్లో
చొక్కా ఉతికే ముందు జేబులు దులిపింది నవారానా.
వాషింగ్ మెషీన్ రేకు మీద
టింగ్‌మని ఒక చప్పుడు.
విమానం కూలిన చప్పుడు నేనెప్పుడూ వినలేదు.
ఇంతకంటే పెద్దగా ఉంటుందంటే
నమ్మలేను.

మేజోళ్ళతోనే మంచులోకి పరిగెత్తి,
ఫోను లోపలే ఉందని మళ్ళీ వెనక్కొచ్చాను.
టవర్‌లో బిర్గిత్తె.
ముందు నా పేరు చెప్పాను,
తర్వాతైతే ధైర్యం చాలదు.
"ఇలులిస్సాట్ వెళ్ళే విమానం. తోక.
పిన్ను నా దగ్గరుంది."
ఆమె ఒక్క ప్రశ్నా వేయలేదు.
ఆ మౌనంలో
ఇరవై ఆరుగురు కిటికీల పక్కన కూర్చుని
కాఫీ తాగుతున్నారు.

పెద్ద వలయం తిరిగి, మెల్లగా,
పసిపిల్లని దించినట్టు దించాడు పైలట్.
నట్టు ఎలా ఉందని ఇప్పటికీ అడుగుతారు.
ఒకటిన్నర చుట్టు మీద వేలాడుతోంది.
గోరంతని కొండంత చేయకు అంటారు పెద్దలు.
వాళ్ళెవరూ హ్యాంగర్లో పని చేసి ఉండరు.

దిగినవాళ్ళలో ఒక ముసలమ్మ,
సీల్ తోలు బూట్లు, చేతిలో కేకు డబ్బా,
నన్నే దొరకబుచ్చుకుని తిట్టింది:
మనవరాలి కఫెమిక్ మధ్యాహ్నం రెండింటికట,
"మీ రేకు డబ్బాకి ఇవాళే జబ్బు చేయాలా?"
తలొంచుకుని ఆమె సంచి మోశాను.
నిజం చెప్పలేదు.
చెబితే నా భయం ఆమెకి అంటుకుంటుందనుకున్నాను.
సాకేమో కూడా.

విచారణలో యాకోబినె అడిగింది:
వరుసగా ఎన్నో రాత్రి? ఆరోది.
ఎందరుండాలి? నలుగురు.
ఎందరున్నారు? ఇద్దరం.
అన్నీ రాసుకుంది. అన్నీ నిజాలే.
అయినా పిన్ను వాటి జేబులో లేదు,
నా జేబులో ఉంది.

వారం తర్వాత క్యాంటీన్‌లో
కొత్తమ్మాయి పానింగుయాక్ ఎదురుగా కూర్చుంది.
కరిగిపోయిన చక్కెరని కలుపుతూనే ఉంది.
కలుపుతూ కలుపుతూ, కప్పులోకి చూస్తూ,
"పోయిన నెల ఒక టార్చిలైటు ఎక్కడో వదిలేశాను.
ఏ విమానంలోనో తెలీదు."

కాఫీ అక్కడే వదిలి లేచాం.
ఐదు విమానాలు. ఒక్కోదానికి ఎన్ని మూతలో.
మాలిక్ నిచ్చెన తెచ్చాడు, ఏమీ అడక్కుండా.
మొదటి మూత మొదటి స్క్రూ విప్పుతుంటే
జేబులో ఫోను మోగింది.

మోగనిచ్చాను.