పదిహేడో పిట్ట

టికెట్టు ఇరవై రూపాయలు, పిల్లలకు పుక్కటే.
చెప్పులు విప్పే పని లేదు గానీ
గొంతు విప్పొద్దు
అని గేటు కాడ నేనే చెప్త.

మొన్నటిదాక ఈ కుంట గట్టున గడ్డి కోసినదాన్ని.
నాకు సంతకం రాదు.
నీటికాకి రెక్కలెందుకు ఆరేసుకుంటదో వచ్చు.

ఐతారం పొద్దుగాల
గచ్చిబౌలి నుంచి కార్లల్ల వస్తరు,
మెడల నా మోచేయంత కెమెరాలు.
"నెమలేది?" అంటరు.
నేను వంగి గులకరాళ్లు చూపిస్త.
నిమ్మళంగ చూడున్రి సారూ,
అండ్ల నాలుగు రాళ్లు కావు,
తీతువు గుడ్లు.
ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోతరు.
గా ఆగుడుకే ఇరవై రూపాయలు.

శనివారం బస్తీ బడి పిల్లలొస్తరు.
తీతువు అరిస్తే చావు కబురని
వాళ్ల నాయినమ్మలు చెప్పిన్రు,
మా అమ్మ గూడ చెప్పింది.
కాదు బిడ్డా,
ఎవడో దాని గుడ్ల దిక్కు అడుగేస్తున్నడు,
అంతే.

కేతావత్ జమున, ఆరో తరగతి,
నోట్‌బుక్కుల స్కేలు పెట్టి గీతలు కొట్టి రాస్తది:
పేరు, ఎన్ని, ఎటు నుంచి వచ్చింది, ఏం తిన్నది.
బుడుబుంగలు ఆరు.
తెడ్డుమూతి కొంగ ఒకటి, బురద తిన్నదో చేప తిన్నదో తెల్వదు.
ఇల్లు గట్టుకు ఆనుకునే,
రాత్రిళ్లు గూడ రాస్తదట.

ఆ శనివారం లేచి చదవలే.
నోట్‌బుక్కు తెచ్చి నా చేతుల పెట్టింది,
చదువు రాని చేతుల.
పక్క పిల్లగాడు గుంజుకొని చదివిండు:

"పదిహేడు. టిప్పరు. ఒకటి.
రాత్రి రెండింటికి, రింగు రోడ్డు దిక్కు నుంచి.
ఏం తినలేదు.
ఇటుక పెళ్లలు, టైల్సు ముక్కలు, ఒక కమోడు కక్కింది.
తీతువు చానాసేపు అరిచింది."

కింద బండి నంబరు.
నంబరు సగం చదివినంక వాని గొంతు తగ్గింది.
ఆ బండి ఎవరిదో బస్తీల తెల్వనిదెవరికి?

ఆఫీసరు సారు నంబరు నా ఫోన్ల ఉన్నది.
సక్రు బండి కిస్తీ ఎంతనో గూడ నాకెరుకే,
గోడకు గోడ.
ఫోను తీసిన. పెట్టిన.
తెల్లారక ముందే మళ్ల తీసిన.

జుర్మానా కట్టిన నెలకు
గేటు కాడ లైన్ల నిలబడ్డడు సక్రు.
ఇస్త్రీ అంగి.
ఇరవై నోటు మడత విప్పి ఇచ్చి
"నా బిడ్డ నాతోని మాట్లాడుతలేదు,
ఏం చూడాల్నో చూపియ్యి" అన్నడు.
నా మొఖం చూడలే.

కార్లోళ్లందరి వెనుక నడిచిండు.
కమోడు పక్కన, టైల్సు ముక్కల నడుమ
వంగి చూపించిన:
మళ్ల పెట్టింది. ఈసారి మూడే.
ఎత్తిన కాలు ఎక్కడ దించాల్నో తెల్వక
నా భుజం పట్టుకున్నడు.
నెత్తి మీద తీతువు ఒకటే అరుపు.
"నన్నేనా తిట్టేది?"
"ఇద్దర్ని" అన్న.

గట్టు మీద కూసోని జమున
ఏందో రాస్తున్నది.
ఏ వరుసలనో
నాకు చదవరాదు.