మేకుకు రెండద్దాలు

మల్లేపల్లి అడ్డరోడ్డు కాడ నా షాపు.
రేకుల కప్పు, గాలి మిషిను,
గోడకో మేకు,
మేకుకు రెండద్దాలు.

అవి మణిదీపు బండివి.
ఇంటర్ ఫస్టియరు, మీసం ఇంకా మొలకే.
"అన్నా, పీకెయ్యి, ఎద్దుకొమ్ముల లెక్కున్నయి" అన్నడు.
"ఎనకచ్చేటోడు కనవడొద్దారా?"
"ఎనకున్నోనితోని నాకేం పని,
నేను ముంగట పొయ్యేటోణ్ణి గద!"
దోస్తులు ఇకిలించిండ్రు.
నేను గూడ నవ్విన.
పద్నాలుగు నంబరు పానా రెండు తిప్పులు తిప్పితే
ఎనకటి లోకమంత ఊడి చేతులకొచ్చింది.

సైలెన్సరు గూడ నేనే కోసిన.
అబద్ధమెందుకు, మూడు నూర్లు తీస్కున్న.
ఆ సప్పుడుకు ఆడపిల్లల హాస్టలు కిటికీలు
తెర్సుకుంటయని వాని నమ్మకం.
తెర్సుకున్నయో లేదో నాకెర్కలేదు గాని
డిండి బస్సుల తల్లి సంకల పసిగుడ్డు
జడుసుకొని ఏడ్వంగ మాత్రం ఇన్న.

ఇంకో పిలగాడు వస్తుండె.
బన్ని అంటరు, బడిపేరేందో.
తొమ్మిదో తరగతి. మనిషి కంటె బ్యాగే పెద్దగ.
"పంచరు సొల్యూషను ట్యూబొకటియ్యన్నా."
ఇచ్చిన. మర్నాడొకటి. ఐతారం రెండు.
తండా తొవ్వ గద, తుమ్మముండ్లు,
బత్తాయి తోటల కంచె ముండ్లు,
టైర్లు ఆగుతయా అనుకున్న.
ఇరవై దినాలకు యాదికొచ్చింది:

వానికి సైకిలే లేదు.

ఆనాటి సంది ట్యూబుల డబ్బాకు తాళమేసిన.
వాడు ఏమనలే. కండ్లెర్రగ ఒక్కపాలి చూసి
రోడ్డు దాటి అవుతలి షాపుకు పోయిండు.
వాని నాయిన బొంబాయిల తాపీపని.
తల్లి పత్తికూలి, పొద్దుగూకితె గాని రాదు.
ఎవలికి చెప్పాలె అని రెండ్రోజులు ఆలోచించిన.
మూడోనాడు గిరాకి ఎక్కువయి
ఆలోచించుడు మర్సిన.

కాల్వల ఈతకు పోయొస్తుండ్రంట ముగ్గురు.
హ్యాండిలు మణిదీపు, నడుమ జశ్వంతు, తోకకు బన్ని.
హెల్మెటు ట్యాంకు మీద కూసున్నది,
పోలీసోళ్లు కనవడితె నెత్తికెక్కేటందుకు.
జశ్వంతు చెయ్యి సాపి ఫోను వట్టిండు.
పదకొండు సెకండ్ల వీడియో.
మండలమంత చూసింది, నేను గూడ చూసిన.
తడి జుట్లు, నాలికెలు బయటికి,
వాళ్ల భుజాల ఎనక
వేలంత, చెయ్యంత, గోడంత
పత్తిలారి.
చూసినోళ్లకందరికి కనవడ్డది.
వాళ్లు ముగ్గురు గూడ అదే తెర చూస్తుండ్రు,
కాకపోతె
వాళ్ల మొకాలు చూసుకుంటుండ్రు.

బన్ని నల్లగొండ దాటలేదు.

పంచనామ కాడ జేబులు దులిపిండ్రు.
నీళ్లకు నానిన పది రూపాల నోటు,
సగం పిండిన ట్యూబు.
గుంపుల నుంచి మెడ సాపి లేబులు చూసిన.
నా షాపు కంపిని కాదు.
ఊపిరి వదిలిన.
వదిలిన ఊపిరి పోలే,
ఇయ్యాల్టికి గొంతులనే అడ్డం వడ్డది.

నాలుగు నెలలకు మణిదీపొచ్చిండు.
చంకల కట్టె, కాలుల రాడ్డు,
కనుబొమ్మ మీది నుంచి చెంప దాంక కుట్లు.
బండి ఠాణాల తుప్పు వడుతున్నది.
"అద్దాలున్నయా అన్నా?"
చూపిచ్చిన.
మేకు కాడ నిలవడి చానసేపు చూసిండు.
జుట్టు కుట్ల మీదికి దువ్వుకున్నడు.
మళ్ల పక్కకు తీసిండు.
"ఒకటి తీస్కపోనా?"
"రెండు నీవే గదరా."
"ఒకటి సాలు."

ఏం జేస్తడో అడగలే.
పైసలియ్యబోతె తీస్కోలే.

రెండోది మేకుకే ఉన్నది.
గాలి గొట్టేటప్పుడు దాంట్ల
దాటిపోయిన రోడ్డు కనవడ్తది.
నిన్న ఇద్దరు పిల్లలొచ్చిండ్రు కొత్త బండి మీద,
"అన్నా, అద్దాలు తీస్తవా" అనుకుంట.
పానా నా చేతులనే ఉండె.
"పోరా" అన్న.
పోయిండ్రు,
అవుతలి షాపుకు.