కొమ్ము ముక్క

పర్లాకిమిడిలో నా బేస్ గిటారుకి గొంతు లేదు.
పొట్ట ఉంది. పొట్టనిండా గాలి.
మా ఆర్కెస్ట్రా హేమలత మొహం మీదే అనేసింది:
"నువ్వు వాయిస్తున్నావని కుర్చీలకి తెలుస్తోంది గానీ
మనుషులకి తెలీట్లేదు బాబూ."

ఆంప్ తవిటయ్యది.
ఏదో సర్కస్ డేరా ఎత్తేసి పోతుంటే
పద్నాలుగొందలకి బేరమాడి పట్టేశాడు.
కోను చిరిగినచోట సిగరెట్ కాగితం, ఫెవికాల్.
ట్రెబుల్ బొత్తాం ఊడిపోయి
దాని చోట టూత్‌పేస్ట్ మూత.
రాత్రి ఎనిమిదికి వోల్టేజి పడితే
లావు తీగ ఆవలిస్తుంది.

వినిపించట్లేదంటే బేస్ పెంచాను.
ఇంకా పెంచాను.
పెట్టెని గోడమూలకి తోశాను. మూల ఇంకొంచెం ఇచ్చింది,
షావుకారు అప్పిచ్చినట్టు.
కిటికీ రెక్క మోగింది, అటక మీద చెంబులు మోగాయి,
పాట మాత్రం
వరదొచ్చిన మహేంద్రతనయలాగ
ఏది రాయో ఏది ఇసకో తెలీకుండా పోయింది.

బరంపురం నుంచి పిక్కులు తెప్పించాను, డజను.
పల్చటివి తీగని గిల్లి పారిపోయేవి.
మందపువి టకటకా
వాయిదా వసూలుకి వచ్చినవాడు తలుపు కొట్టినట్టు.
పోనీ వేళ్లతో అంటే, పగలంతా సిమెంటు కొట్లో
బస్తాలు లెక్కపెట్టే వేళ్లు.
తీగకీ నాకూ మధ్య ఎప్పుడూ ఓ పొడి పొర.

లోకనాథ్ మహారణది కొమ్ము పని.
గేదె కొమ్ముని కాల్చి, వంచి, అరగదీసి
కొంగలు, దువ్వెనలు, రొయ్యలు.
రొయ్య మీసాలు మన ఊపిరికే ఊగుతాయి.
ఆకురాయి రొదలో నలభై ఏళ్లు కూర్చుని
చెవులు ముప్పాతిక అమ్ముకున్నాడు.
కేకేసి చెప్పాను, అందలేదు. బొమ్మ గీశాను.
"ఏటిది, పంది చెవా?" అన్నాడు తెలుగులో.
ధర ఒడియాలో చెప్పాడు.

మూడు చేశాడు.
ఒకటి మరీ వాడి, తీగ కీచుమంది.
రెండోది మొద్దు, జేబులో పడేశాను.
మూడోది చేతికివ్వకుండా
"సామాను పట్రా" అన్నాడు.

రిక్షాలో ఆంప్ దిగింది.
వాయించమని సైగ చేసి
పెట్టె నెత్తిన అరచెయ్యి పెట్టాడు,
జొరం చూసినట్టు.
తల అడ్డంగా ఊపాడు.
గోడ నుంచి ఇవతలికి లాగించాడు, కుర్చీ ఎక్కించాడు.
నేను బేస్ సగానికి దించాను,
మధ్య బొత్తాం తిప్పాను, ఇంకాస్త, ఇంకాస్త,
టూత్‌పేస్ట్ మూతని ముట్టుకోలేదు.
మధ్యమధ్యన పిక్కు లాక్కుని
అంచు రెండు రుద్దులు రుద్ది ఇచ్చేవాడు.
కాలిన వెంట్రుకల వాసన.
ఎన్నోసారో గుర్తులేదు, తీగ మీటితే
చింతపిక్క అంత గుండ్రంగా
ఒక్క శబ్దం రాలింది. రాలి, ఆగింది.
ఆయన అరచెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు.
అంతే, పొమ్మన్నాడు.

ఏటి అవతల పాతపట్నంలో పెళ్లి.
రెండు పాటలు ఆ కొమ్ముతో వాయించాను.
హేమలత వెనక్కి తిరిగి చూడలేదు,
మొదటిసారి.
మూడో పాటకి చెమట చేతిలోంచి పిక్కు జారింది.
షామియానా కింద ఎంగిలాకుల దగ్గర కాపు కాసిన కుక్క
వాసన పట్టింది, నోట కరుచుకుంది,
తవిటయ్య చెప్పు విసిరేలోగా
జనరేటరు వెనక చీకట్లో కలిసిపోయింది.

జేబులో మొద్దుది ఉంది.
దాంతోనే లాగించాను తెల్లారగట్ల దాకా.
ఇంకొంచెం మెత్తగా, నిద్దట్లో మాట్లాడినట్టు పలికింది.
ఎవరూ ఏమీ అనలేదు.
కొమ్ములో ఉందో, కుర్చీలో ఉందో,
ముసలాయన అరచేతిలో ఉందో
నాకిప్పటికీ తేలలేదు.

మర్నాడు చెప్పడానికి వెళ్లాను.
"నీ సరుకు కుక్కకి నచ్చింది" అని అరిచాను.
వినపడలేదు. నవ్వేడు.
రొయ్యకి మీసం అతికిస్తున్నాడు,
ఊపిరి బిగబట్టి.
నేనూ బిగబట్టాను.